మాంసం, పాలు మానేశాక ఫెర్రిటిన్ 11కి పడింది. మొక్కల తిండితోనే ఐరన్ సరిపోతుందా?

మీరు రాసినదాన్ని ముందు ఒకసారి చెప్పుకుందాం. మీకు 27 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం మాంసం, గుడ్లు, పాలు పూర్తిగా మానేశారు. ఈమధ్య జుట్టు బాగా రాలుతోంది, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 12.1, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చూపే అంకె) 11 వచ్చాయి. రోజూ పాలకూర, బీట్‌రూట్ జ్యూస్, ఖర్జూరాలు తీసుకుంటున్నా ఇలా ఎందుకైందో అర్థం కావడం లేదు. ఇంట్లోవాళ్లు మళ్లీ మాంసం తినమంటున్నారు. తినాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. మాంసం మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు, మొక్కల తిండితోనే ఐరన్ సరిపోతుంది. అయితే ఫెర్రిటిన్ 11 దగ్గర ఉన్నప్పుడు తిండి ఒక్కదాన్నే నమ్ముకోకండి. డాక్టర్ సలహాతో కొన్ని నెలలు మాత్రలు వాడి నిల్వ నింపుకోండి. నిండిన నిల్వను కాపాడుకునే పని తిండికి అప్పగించండి.

డైటీషియన్‌గా పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది పూర్తి శాకాహారులు, మీలా పాలు కూడా మానేసినవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది ఐరన్ తక్కువేమీ తినడం లేదు. తిన్నది ఒంటికి పట్టడం లేదు, అంతే. ఈ తేడా తెలిస్తే మీ సమస్య సగం తీరినట్టే. అందుకే లెక్కతో సహా చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మాంసంలోని ఐరన్‌లో కొంత భాగం హీమ్ రూపంలో ఉంటుంది. దానిలో 15 నుంచి 35 శాతం దాకా ఒంటికి పడుతుంది. మొక్కల్లో ఉన్నదంతా నాన్‌హీమ్, అంటే హీమ్ కాని రూపం. ఇది ఒక్కోసారి 2 శాతమే పడుతుంది, ఒక్కోసారి 20 శాతం దాకా పడుతుంది. ఈ 2కీ 20కీ మధ్య ఉన్న దూరాన్ని చూడండి. ఆ తేడా చాలావరకు మీ కంచంలోనే తయారవుతుంది.

నెలసరి వచ్చే వయసులో ఉన్న స్త్రీ ఒంట్లోంచి రోజుకు సగటున ఒకటిన్నర మిల్లీగ్రాముల ఐరన్ పోతుంది. చర్మం, పేగుల పొరలు రాలిపోవడం వల్ల ఒక మి.గ్రా. దాకా, మిగతాది నెలసరిలో. పోయినంత తిరిగి రావాలి. తిన్నదానిలో 5 శాతమే పడితే ఆ ఒకటిన్నర కోసం రోజుకు 30 మి.గ్రా. తినాలి, అది కష్టం. 10 శాతం పడితే 15 మి.గ్రా. చాలు, పప్పులూ గింజలూ తినేవాళ్లకు అది సులువుగా అందుతుంది. అమెరికా సిఫారసుల్లో ఈ వయసు స్త్రీలకు రోజుకు 18 మి.గ్రా., పురుషులకు 8 మి.గ్రా., గర్భిణులకు 27 మి.గ్రా. అని ఉంటుంది. శాకాహారులైతే దానికి 1.8 రెట్లు తినాలని కూడా అంటారు, అంటే మీకు 32 మి.గ్రా. పైమాట. ఆ అంకె చూసి బెంబేలెత్తిపోయి వచ్చేవాళ్లను చాలామందిని చూశాను. అది శోషణ బాగా తక్కువగా ఉంటుందనుకుని వేసిన అంచనా. శోషణను పెంచుకోవడం మన చేతుల్లో పని కాబట్టి 32 వెంట పరుగెత్తమని నేనెవరికీ చెప్పను.

ఇప్పుడు మీరు తింటున్నవాటి సంగతి. నొచ్చుకోకండి గానీ, మీరు ఎంచుకున్న మూడూ ఐరన్ కోసం ఎంచుకోవాల్సినవి కావు. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందని అందరూ అనుకుంటారు. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఐరన్ ఒక మి.గ్రా. కూడా ఉండదు. దానిమ్మలో అంతకంటే తక్కువ. ఖర్జూరాల్లో 100 గ్రాములకు దాదాపు ఒక మి.గ్రా., రోజుకు రెండు మూడు కాయలు తింటే దక్కేది అర మి.గ్రా. లోపే. పాలకూరలో ఐరన్ ఉన్న మాట నిజమే, ఉడికించినది 100 గ్రాములు తింటే మూడున్నర మి.గ్రా. దాకా వస్తుంది. కానీ అందులోనే ఉన్న పాలీఫినాల్స్ లాంటి పదార్థాలు ఆ ఐరన్‌ను పట్టి ఉంచి ఒంటికి సరిగా పట్టనివ్వవు. పాలకూర మానేయమనడం లేదు, ఫోలేట్ కోసం, ఇంకెన్నిటికోసమో తినండి. ఐరన్ లెక్కలో మాత్రం దాన్ని పెద్దగా వేసుకోకండి.

మీ ప్రశ్నలో పప్పులు, శనగల మాట ఎక్కడా లేదు. నా అనుభవంలో మాంసం, పాలు మానేసినవాళ్లు వాటి స్థానంలో కూరగాయలు, పండ్లు పెంచుతారు గానీ పప్పుధాన్యాలు పెంచరు. ఐరన్ నిజంగా ఉన్నది అక్కడ. ఉడికిన సోయా గింజల్లో 100 గ్రాములకు 5 మి.గ్రా. దాకా ఉంటుంది. ఉడికిన మసూర్ పప్పులో 3.3, శనగల్లో 2.9, రాజ్మాలో రెండు నుంచి మూడు మధ్య. గుమ్మడి గింజల్లో 100 గ్రాములకు దాదాపు 9, నువ్వుల్లో 14 పైన. గింజల్ని 100 గ్రాములు ఎవరూ తినరు, రెండు చెంచాల లెక్కన చూసుకోవాలి. ఓట్స్, జీడిపప్పు, టోఫూ కూడా మంచివే. ఒక జాగ్రత్త: ఇంటర్నెట్‌లో కనిపించే పట్టికల్లో చాలావాటిలో ఎండు పప్పు లెక్క ఉంటుంది. ఉడికితే పప్పు నీళ్లు పీల్చుకుని రెండున్నర రెట్లు బరువెక్కుతుంది, కాబట్టి గ్రాముకు ఐరన్ ఆ మేరకు తగ్గినట్టు కనిపిస్తుంది. ఎండు లెక్క చూసుకుని ఉడికింది తింటే సగం కూడా అందదు.

రోజుకు రెండు పూటలు, పూటకో కప్పు ఉడికిన పప్పుధాన్యాలు. దీన్ని పునాదిగా పెట్టుకోండి. మిగతా అన్నీ దీని మీద కట్టుకోవలసినవే.

ఇక తిన్నది పట్టేలా చూసుకోవడం. ఇందులో మొదటిది విటమిన్ సి. మొక్కల ఐరన్ ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో ఉంటుంది, పేగు గోడ దాన్ని ఫెర్రస్ రూపంలోకి మారాకే లోపలికి తీసుకుంటుంది. విటమిన్ సి ఆ మార్పు చేసిపెడుతుంది. పైగా ఐరన్‌ను తనతో పట్టుకుని, గింజల్లో, పప్పుల్లో ఉండి ఐరన్‌ను పట్టేసే ఫైటేట్లకు చిక్కకుండా కాపాడుతుంది. ఇదంతా జరగాలంటే రెండూ ఒకేసారి కడుపులో ఉండాలి. పొద్దున తిన్న నారింజ రాత్రి తిన్న పప్పుకు సాయం చేయలేదు.

ఇక్కడే చాలామంది చిన్న పొరపాటు చేస్తారు. కూర మీద నిమ్మకాయ పిండాం కదా, చాలనుకుంటారు. సగం నిమ్మచెక్క పిండితే వచ్చేది 8, 10 మి.గ్రా. విటమిన్ సి మాత్రమే. అది కూడా పొయ్యి మీద మరుగుతున్నప్పుడు పిండితే కొంత వేడికే పోతుంది. నేను కోరేది భోజనానికి కనీసం 50 మి.గ్రా. ఒక మాదిరి నారింజ పండులో 70 దాకా ఉంటుంది. జామపండు సగం తిన్నా 100 దాటుతుంది. పచ్చి క్యాప్సికమ్ సగం ముక్కలు చేసి పక్కన పెట్టుకున్నా సరిపోతుంది. నిమ్మకాయ పిండుకోండి, తప్పులేదు, కంచంలోకి వచ్చాక పిండుకోండి. దాని మీదే ఆధారపడకండి.

రెండోది టీ, కాఫీ. దీని గురించి ఒక మనిషిని చూపిస్తే బాగా అర్థమవుతుంది. ఆమె టీచర్, వయసు నలభై లోపు. తిండి డైరీ రాసుకురమ్మంటే ముత్యాల్లాంటి అక్షరాలతో వారం రోజులది రాసుకొచ్చారు. అందులో పప్పులు, శనగలు, గింజలు అన్నీ ఉన్నాయి. లెక్క వేస్తే రోజుకు 20 మి.గ్రా. పైనే ఐరన్. అయినా ఫెర్రిటిన్ 13. డైరీ రెండోసారి చదివితే ప్రతి పూట చివర చిన్న అక్షరాలతో 'టీ' అని కనిపించింది. నాలుగు పూటలూ తిన్న వెంటనే చిక్కటి టీ. తిండి కాదు కదా అని దాన్ని పక్కకు రాశారు. ఇంకో చోట 'తవుడు రెండు చెంచాలు' అని ఉంది. మలబద్ధకానికి ఎవరో చెబితే గోధుమ తవుడు పచ్చిదే ప్రతి భోజనంలో కలుపుకుంటున్నారు. టీలోని పాలీఫినాల్స్ ఒక పక్క, తవుడులోని ఫైటేట్లు మరో పక్క. తిన్న ఐరన్ తిన్నట్టే బయటికి పోతోంది. ఆమె తిండిలో నేను ఒక్క పదార్థం కూడా పెంచలేదు. టీని భోజనాలకు దూరంగా జరిపాం, తవుడు బదులు నానబెట్టిన ఎండు ఆలూబుఖారా పెట్టాం, మధ్యాహ్నం, రాత్రి ఒక పండు చేర్చాం. ఆమెకు మాత్రలు పడక మానేశారు కాబట్టి తిండితోనే నడిపించాల్సి వచ్చింది. ఎనిమిది నెలలకు ఫెర్రిటిన్ 29కి చేరింది. నెమ్మదిగానే, కానీ వచ్చింది.

భోజనంతోపాటు తాగిన ఒక కప్పు టీ ఆ భోజనంలోని ఐరన్ శోషణను సగానికి పైగా తగ్గించగలదు. కాఫీ కాస్త నయం గానీ అదీ తక్కువేం కాదు. కాఫీ మీద జరిగిన పరిశోధనలో ఒక ముఖ్యమైన విషయం తేలింది: తినడానికి గంట ముందు తాగితే నష్టం లేదు, తిన్న గంటకు తాగితే మాత్రం భోజనంతో తాగినంత నష్టమూ జరిగింది. అందుకే తిన్నాక గంటన్నర, వీలైతే రెండు గంటలు ఆగమని చెబుతాను. కాల్షియం మాత్రలు, కాల్షియం కలిపిన సోయా పాలు కూడా ఐరన్ ఎక్కువుండే భోజనానికి ఎడంగా పెట్టుకోండి.

మూడోది నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం. గింజల్లో ఉండే ఫైటిక్ ఆమ్లం ఐరన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. గింజ నానినప్పుడు, మొలకెత్తినప్పుడు అందులోని ఫైటేజ్ అనే ఎంజైమ్ మేలుకుని ఆ ఆమ్లాన్ని విరగ్గొడుతుంది. మొక్క పెరగడానికి దానికి కావలసిన ఖనిజాలు విడుదల చేసుకుంటుందన్నమాట, మనం మధ్యలో వాటిని అందుకుంటాం. శనగలు, రాజ్మా లాంటివి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండండి. పులిసిన పిండితో చేసిన రొట్టెలో ఐరన్ పులియని పిండిలో కంటే బాగా పడుతుంది. ఫైటేట్లకు భయపడి పప్పులు మానేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. ఇనుప మూకుడులో పుల్లటి కూరలు, టమాటా లాంటివి వండుకుంటే కొంత ఐరన్ అదనంగా కలుస్తుంది. ఎంత అన్నది మూకుడును బట్టి, వండిన సమయాన్ని బట్టి మారుతుంది కాబట్టి లెక్కలోకి తీసుకోను, కానీ మంచి అలవాటు.

మీ వైపు ఒంట్లో ఒక మంచి సాయం కూడా జరుగుతోంది. కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను తయారు చేస్తుంది. నిల్వలు నిండుగా ఉంటే ఇది పెరిగి పేగుల్లోంచి ఐరన్ రక్తంలోకి రాకుండా తలుపు మూస్తుంది. నిల్వలు తగ్గితే ఇది తగ్గి తలుపు బార్లా తెరుచుకుంటుంది. అంటే ఇప్పుడు మీ ఒళ్లు ఐరన్ కోసం ఎదురుచూస్తోంది. ఇప్పుడు మీరు చేసే చిన్న మార్పుకు కూడా ఫలితం ఎక్కువ.

మరి అలాంటప్పుడు మాత్రలెందుకంటారా? లెక్క చూడండి. ఫెర్రిటిన్ ఒక్కో అంకెకు ఒంట్లో సుమారు 8 మి.గ్రా. ఐరన్ నిల్వ ఉంటుందని మా వాడుక లెక్క. 11 నుంచి 40కి చేరాలంటే దాదాపు 230 మి.గ్రా. అదనంగా పట్టాలి. రోజూ పోయేది పోను తిండి నుంచి అర మి.గ్రా. మిగిలినా ఏడాదికి పైగా పడుతుంది. అంతకాలం జుట్టు రాలుతూ, ఆయాసపడుతూ ఉండాల్సిన అవసరం మీకు లేదు. మాత్రల్లో అదే పని రెండు మూడు నెలల్లో జరుగుతుంది.

మాత్రల గురించి డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఉపయోగపడే మాటలు కొన్ని. డబ్బా మీద రాసిన బరువు వేరు, అందులోని అసలు ఐరన్ వేరు. 325 మి.గ్రా. ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలో అసలు ఐరన్ 65 మి.గ్రా. ఒక మాత్ర వేసుకోగానే హెప్సిడిన్ పెరిగి దాదాపు ఒక రోజంతా శోషణను తగ్గిస్తుంది. అందుకే రోజూ రెండు మూడు వేసుకునే కంటే రోజు విడిచి రోజు ఒకటి వేసుకుంటే ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ పడుతుందని, కడుపులో ఇబ్బంది కూడా తక్కువని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. మీకు ఏది సరిపోతుందో మీ డాక్టర్‌ను అడగండి. మలం నల్లగా వస్తే కంగారు పడకండి, అది మామూలే. హిమోగ్లోబిన్ బాగుందని మధ్యలో ఆపేయకండి, నిల్వ నిండటానికి ఇంకా సమయం పడుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ డబ్బా వాళ్లకు అందనిచోట పెట్టండి, ఐరన్ మాత్రలు పిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు మీ కేసులో నన్ను ఆలోచింపజేసిన సంగతి. ఎనిమిది నెలల తిండి మార్పు ఒక్కటే ఫెర్రిటిన్‌ను 11కి దించలేదు. రోజుకు అర మి.గ్రా. లోటు పడినా ఎనిమిది నెలల్లో పోయేది 120 మి.గ్రా., అంటే ఫెర్రిటిన్‌లో 15 అంకెలు. ఆ లెక్కన మీరు మాంసం తింటున్న రోజుల్లోనే 26 దగ్గర ఉండి ఉండాలి. అంటే లోటు పాతది, లేకపోతే ఐరన్ ఇంకెక్కడో పోతోంది. నెలసరి గురించి మీరేమీ రాయలేదు. ఏడు రోజులకు మించి ఉంటుందా? గంట, రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చాల్సి వస్తుందా? పెద్ద గడ్డలు పడతాయా? ఒక మిల్లీలీటరు రక్తంలో దాదాపు అర మి.గ్రా. ఐరన్ ఉంటుంది. నెలకు 80 మిల్లీలీటర్లు పోతే 40 మి.గ్రా. పోయినట్టే. ఈమధ్య రక్తదానం చేశారా? ఒక్కసారి రక్తం ఇస్తే 200 మి.గ్రా. పైనే పోతుంది. నెలసరి ఎక్కువగా అవుతుంటే దానికి వైద్యం చేయించుకోకుండా ఎన్ని పప్పులు తిన్నా చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

ఇదే మాట మగవాళ్లకు, నెలసరి ఆగిపోయిన స్త్రీలకు మరీ గట్టిగా చెబుతాను, చదివేవాళ్లలో వాళ్లూ ఉంటారు కాబట్టి. యాభై దాటిన ఒకాయన ఫెర్రిటిన్ 9తో వచ్చారు. పదేళ్లుగా శాకాహారి, కాబట్టి తిండి వల్లేనని అందరూ తేల్చేశారు, ఆయన కూడా. ఆయన కంచం చూస్తే నాకు తప్పు దొరకలేదు. పెద్దపేగు పరీక్ష చేయించుకోమని పట్టుబట్టాను. లోపల కంతి ఉంది, నెమ్మదిగా రక్తం కారుతోంది. తొందరగా దొరికింది కాబట్టి ఆపరేషన్‌తో బయటపడ్డారు. శాకాహారి అనే మాట వినగానే కారణం దొరికిపోయిందని ఆగిపోవడం ఎంత ప్రమాదమో ఆ రోజు తెలిసింది. ఇప్పటికీ ఆ వయసువాళ్లెవరొచ్చినా ముందు అదే అడుగుతాను.

ఇంకో వైపు పొరపాటు కూడా చూశాను. ఒక అమ్మాయి హిమోగ్లోబిన్ కాస్త తక్కువ, కణాలు చిన్నవి అని రెండేళ్లు ఐరన్ మాత్రలు వాడింది. ఎవరూ ఫెర్రిటిన్ చూడలేదు. చూస్తే నిల్వ నిండుగా ఉంది, అసలు సంగతి పుట్టుకతో వచ్చిన తలసీమియా ట్రెయిట్, అంటే రక్తకణాలు చిన్నవిగా తయారయ్యే వంశపారంపర్య గుణం. ఆమెకు ఐరన్ అక్కర్లేదు. అక్కర్లేని ఐరన్ ఒంట్లో చేరితే కాలేయానికి, గుండెకు హాని. అందుకే పరీక్ష లేకుండా మాత్రలు వాడొద్దంటాను.

ఫెర్రిటిన్‌లో ఒక మెలిక ఉంది. జ్వరం, ఇన్ఫెక్షన్, ఒంట్లో ఎక్కడైనా వాపు ఉంటే ఐరన్ లేకపోయినా అది పెరిగి కనిపిస్తుంది. 15 కంటే తక్కువ వస్తే లోటు ఖాయం, మీది ఆ కోవలోదే. చాలామంది డాక్టర్లు 30 లోపు ఉన్నా లోటుగానే చూస్తారు. హిమోగ్లోబిన్ 12.1 చూసి 'నార్మల్' అని ఎవరైనా పంపేస్తే ఒప్పుకోకండి. ముందు నిల్వ ఖాళీ అవుతుంది, హిమోగ్లోబిన్ చివర్లో పడుతుంది. మీరింకా ఆ మధ్యలో ఉన్నారు, మంచి సమయంలోనే పరీక్ష చేయించుకున్నారు.

ఇంకొక్కటి, మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. పాలు, గుడ్లు కూడా మానేశారు కాబట్టి బి12 మాత్ర తప్పనిసరి. మొక్కల తిండిలో అది నమ్మదగినంతగా దొరకదు. ఐరన్ లోటు రక్తకణాలను చిన్నవి చేస్తుంది, బి12 లోటు పెద్దవి చేస్తుంది. రెండూ కలిస్తే కణాల సగటు సైజు మామూలుగా కనిపించి రిపోర్టు మోసం చేస్తుంది. ఆయాసం, నీరసం రెండిట్లోనూ ఉంటాయి. కాళ్లు చేతులు తిమ్మిర్లు వస్తుంటే ఇంకా త్వరపడండి, నరాలకు జరిగిన నష్టం ఒక్కోసారి వెనక్కి రాదు.

ఇంట్లోవాళ్ల సంగతి. వాళ్ల కంగారు ప్రేమతోనే, వాదించకండి. మూడు నెలలు గడువు అడగండి. రేపటి నుంచి మధ్యాహ్నం ఒక కప్పు శనగలో మసూర్ పప్పో, మీద ఒక చెంచా నువ్వులు, పక్కన పచ్చి క్యాప్సికమ్, చివర్లో ఒక నారింజ లేదా సగం జామపండు. బీట్‌రూట్ జ్యూస్ తాగే సమయంలో గుప్పెడు గుమ్మడి గింజలు. టీ సాయంత్రం నాలుగింటికి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు సీబీసీ (రక్తకణాల లెక్క), సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే పరీక్ష), బి12 కూడా రాయమనండి. జీర్ణసమస్యలుంటే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) పరీక్ష గురించి, ఎసిడిటీ మాత్రలు ఎక్కువకాలం వాడుతుంటే వాటి గురించి కూడా చెప్పండి, ఆ రెండూ శోషణను తగ్గిస్తాయి. మాత్రలు మొదలైన నెలకు హిమోగ్లోబిన్, మూడు నెలలకు ఫెర్రిటిన్ మళ్లీ చూపించుకోండి. పరీక్ష రోజు పొద్దున ఐరన్ మాత్ర వేసుకోకుండా వెళ్లండి. ఆ అంకెలు, నెలసరి వివరాలు ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.